రెండిటి మీదా రైజెన్ 5 అనే ఉంది, మరి తేడా ఏంటి?

ప్రశ్న: నమస్తే సార్, నేను బీటెక్ సెకండియర్, భీమవరం. నాన్న యాభై వేల లోపు ల్యాప్‌టాప్ కొనిస్తా అన్నారు. కోడింగ్‌కి ఎలాగూ కావాలి, రాత్రిళ్లు కాసేపు వాలొరెంట్, వీలైతే జీటీఏ 5 ఆడుకుందామని. షాపులో మూడు చూపించారు, వాటి ప్రాసెసర్లు రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ, ఇంటెల్ ఐ5 1235యూ. మొదటి రెండూ ఒకటేనంట, 4.3 గిగాహెర్ట్జ్ ఒకటి 4.5 ఇంకోటి అంతే తేడా అన్నాడు, పైగా 7520లో ర్యామ్ ఎల్‌పీడీడీఆర్5, 7530లో డీడీఆర్4 కాబట్టి 7520నే కొత్తది, రేటు కూడా తక్కువ, కళ్లు మూసుకుని తీసుకో అంటున్నాడు. తీసుకోనా?

జవాబు: కళ్లు తెరుచుకునే తీసుకో తమ్ముడూ. షాపతను చెప్పిన అంకెలు నిజమే, అంతే తేడా అన్నదే తప్పు, చెప్పాల్సింది చెప్పలేదు.

7520, 7530 అనే నెంబర్లలో మూడో అంకె చూడు. మొదటి 7 అంటే 2023 బ్యాచ్ అని రైజెన్ చేసే ఏఎండీ వాళ్ల లెక్క, అది రెండిటికీ కామనే. అసలు గుట్టంతా మూడో అంకెలో ఉంటది, 2 ఉంటే లోపల జెన్ 2 డిజైన్, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. జెన్ 2 అంటే 2019లో వచ్చిన డిజైన్. కొత్త చిప్పే, కానీ లోపల కోర్ల, అంటే లెక్కలు చేసే బుర్రల, డిజైన్ పాతది, బండికి కొత్త ట్యాంకు బిగించి పాత ఇంజనే ఉంచినట్టు. 7520యూలో 4 కోర్లు 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), ఎల్3 క్యాష్ (చిప్పులోనే చేతికందే చిన్న మెమరీ) 4 ఎంబీ. 7530యూలో 6 కోర్లు 12 థ్రెడ్లు, క్యాష్ 16 ఎంబీ. మరి ఇవి రెండూ ఒకటేనా?

ఇదంతా ఒకెత్తు, గేమ్స్‌కి వచ్చేసరికి గ్రాఫిక్స్ ఇంకో ఎత్తు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో బొమ్మ గీసే పని కూడా ఈ చిప్పే చెయ్యాలి కదా, 7520యూలో ఉన్న రేడియాన్ 610ఎమ్‌లో గ్రాఫిక్స్ యూనిట్లు రెండంటే రెండే. 7530యూలో వేగా 7, అంటే ఏడు. 610ఎమ్‌ది కొత్త డిజైనే, యూనిట్‌కి యూనిట్ పోలిస్తే అదే మెరుగు, కానీ ఏడుగురు మోసే పల్లకీని ఇద్దరు ఎంత పహిల్వాన్లైనా ఎంతదూరం మోస్తారు చెప్పు. ఇంకో ముక్క, 7520యూకి ఎల్‌పీడీడీఆర్5 మాత్రమే పడుతుంది, అది బోర్డు మీదే అతికించి వస్తుంది, 8 జీబీ మోడల్ కొంటే జన్మంతా 8 జీబీయే, రేపు ఇంకో ర్యామ్ స్టిక్ వేద్దామంటే కుదరదు. బ్రౌజింగ్‌కి, నోట్స్‌కి, సినిమాలకి అది మంచి చిప్పే, బ్యాటరీ కూడా చాలాసేపు వస్తుంది, తప్పు పట్టను. నీ పనికి కాదంటున్నా.

ఇక మిగిలింది 7530యూ, ఐ5 1235యూ. ఈ రెండూ నిజంగానే పక్కపక్కనవే. ఇంటెల్‌లో 10 కోర్లు అని షాపు బోర్డు మీద పెద్దగా రాస్తారు గానీ అందులో 2 పెద్దవి 8 చిన్నవి, ఏఎండీలో 6 ఉంటే ఆరూ పెద్దవే. గ్రాఫిక్స్ ఒక గేమ్‌లో ఇది పైచెయ్యి, ఇంకో గేమ్‌లో అది. వాలొరెంట్ సంగతైతే దిగులే వద్దు, కనీసం 2012 నాటి ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్ ఉన్నా చాలని ఆ గేమ్ కంపెనీ వాళ్లే రాసుకున్నారు. జీటీఏ 5కి మాత్రం సెట్టింగ్స్ బాగా తగ్గించుకోవాలి, అవసరమైతే రిజల్యూషన్ 720కి దించుకో.

కాబట్టి ఈ రెండిట్లో ప్రాసెసర్ గురించి కొట్టుకోకు, ర్యామ్ ఎలా వేశారో అడుగు. మా అక్క కొడుకు కిందటేడు 1235యూ ల్యాప్‌టాప్ కొనుక్కుని మొహం వేలాడేసుకుని వచ్చాడు, డబ్బా మీద గ్రాఫిక్స్ ఐరిస్ ఎక్స్‌ఈ అని రాసుంది మావయ్యా, లోపల చూస్తే ఇంటెల్ యూహెచ్‌డీ అని చూపిస్తోంది, మోసపోయాను, జీటీఏలో కారు మలుపు తిరిగితే సినిమా రీలు తెగినట్టు ఆగి ఆగి వస్తోంది అని. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కాను, కింద స్లాట్స్ యూజ్డ్ దగ్గర 1 ఆఫ్ 2 అని ఉంది. ఒకటే 8 జీబీ స్టిక్ అన్నమాట. ఇంటెల్ రూలేంటంటే ర్యామ్ డ్యూయల్ ఛానల్‌లో, అంటే రెండు దారుల్లో, ఉంటేనే ఐరిస్ ఎక్స్‌ఈ అనే పేరు, సింగిల్ ఛానల్ అయితే అదే గ్రాఫిక్స్‌ని యూహెచ్‌డీ అనే చూపిస్తుంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీకి వెళ్లి డీడీఆర్4 3200 స్టిక్ ఇంకో 8 జీబీ తెచ్చి, అడుగు మూత విప్పి, ఏటవాలుగా దూర్చి పక్క క్లిప్పులు టిక్కుమనేదాకా నొక్కి ఆన్ చేస్తే పేరు మారిపోయింది, ఐరిస్ ఎక్స్‌ఈ! వాడు పేరు చూసి గంతులేశాడు గానీ అసలు పండగ గేమ్ తెరిచాక. గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్ నుంచే తోడుకోవాలి, పైపు ఒకటే ఉంటే బోరులో నీళ్లున్నా ట్యాంకు నిండదు కదా. వేగా 7కీ ఇదే వర్తిస్తుంది, పేరు మారదంతే.

నన్నడిగితే 7530యూ తీసుకో, 16 జీబీ రెండు స్టిక్కులుగా ఉన్నది, లేదా 8 ఉండి ఒక స్లాట్ ఖాళీగా ఉన్నది. అదే షాపులో 1235యూ అలా దొరికి, 7530యూ ఒక్క స్టిక్‌తో స్లాట్ లేకుండా ఉంటే మాట మార్చేస్తా, 1235యూనే.

ప్రశ్న: మా బాబు ఇంటర్. ఐ5 12450హెచ్ ఉన్నది కొనమంటున్నాడు, హెచ్ అంటే గేమింగ్ అంట. గ్రాఫిక్స్ కార్డు లేదు, రేటు తక్కువలో వస్తోంది. కొనవచ్చా? (గృహిణి, కరీంనగర్)

జవాబు: హెచ్ ప్రాసెసర్ గట్టిదే అమ్మా, 4 పెద్ద కోర్లు, 4 చిన్న కోర్లు, ఎక్కువ కరెంటు తీసుకుని ఎక్కువ పని చేస్తుంది. కానీ పక్కన వేరే గ్రాఫిక్స్ కార్డు ఉంటుందిలే అన్న లెక్కతో దీని లోపలి గ్రాఫిక్స్‌ని చిన్నగా పెట్టారు, ఇంటెల్ లెక్కలో 48 యూనిట్లు (ఏఎండీ యూనిట్లతో పోల్చకండి, ఆ లెక్క వేరు). మెత్తదనుకునే 1235యూలో 80 ఉన్నాయి. కార్డు లేని 12450హెచ్‌లో గేమ్ వేస్తే బాబుకి నిరాశే మిగులుతుంది. ఆర్‌టీఎక్స్ లాంటి కార్డుతో కలిపి వస్తే సరే, లేదంటే దీని జోలికి పోవద్దు. చదువుకే అయితే మాత్రం భేషుగ్గా ఉంటుంది, ఆ మాట బాబుకి చెప్పకండి.

ప్రశ్న: 8 జీబీ ర్యామ్ ఉన్న రైజెన్ ల్యాప్‌టాప్ కొన్నా, సెట్టింగ్స్‌లో చూస్తే 5.9 జీబీ యూజబుల్ అని ఉంది. మిగతా రెండు జీబీ ఎవరు తిన్నారు?

జవాబు: ఎవరూ తినలేదు, గ్రాఫిక్స్ కోసం 2 జీబీ పక్కన కట్టి పెట్టారు. కొన్ని మోడళ్లలో బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి, వెళ్లి 512 ఎంబీకి తగ్గించుకోవచ్చు, కొన్నిట్లో ఆ ఆప్షనే ఇవ్వరు. గేమ్స్ ఆడేవాడివైతే ముట్టుకోకు, స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకో 8 వేసెయ్. ఆడేటప్పుడు ఛార్జర్ పెట్టుకో, బ్యాటరీ మీద స్పీడు తగ్గుతుంది. పరుపు మీద పెట్టి ఆడకు, అడుగున గాలి కంతలు మూసుకుపోతాయి.