ఆరుబయట చన్నీళ్లలో ఈత నిజంగా మంచిదేనా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మంచిదే, ముఖ్యంగా మనసు తేలికపడుతుంది. రోగాలన్నీ నయమవుతాయనే మాటకు మాత్రం గట్టి ఆధారం లేదు.

ఇక్కడ చన్నీళ్లంటే సుమారు 15 డిగ్రీల సెల్సియస్, అంతకంటే తక్కువ. (కార్తీకంలో తెల్లవారుజామున గోదావరి వణికిస్తుంది గానీ అంత చల్లగా ఉండదు.) అలాంటి నీళ్లలో దిగగానే చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుంటాయి, గుండె వేగం, బీపీ పెరుగుతాయి, ఊపిరి ఎగపోస్తుంది. ఒంటిని అప్రమత్తం చేసే నార్అడ్రినలిన్ అనే హార్మోను బాగా పెరుగుతుంది. బయటికొచ్చాక కనిపించే హుషారుకు అదొక కారణం. ఐదారుసార్లు దిగితే ఆ మొదటి షాక్ తగ్గుతుంది, ఒళ్లు అలవాటుపడుతుంది. టెన్షన్ తగ్గడంలో నీళ్ల పాత్ర ఎంతో, ఆరుబయలు, తోటివాళ్ల కబుర్ల పాత్ర ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

ఫిన్లాండ్‌లో చలికాలం గడ్డకట్టిన చెరువు మంచుకు రంధ్రం చేసి అందులో దిగుతారు. ఆ రంధ్రాన్ని ‘అవాంటో’ అంటారు. నీళ్లు సున్నాకు దగ్గరగా ఉంటాయి కాబట్టి చాలామంది నిమిషంలోపే బయటికొచ్చి, తరచూ ఆవిరి గదిలో కూర్చుంటారు.

ఎక్కువసేపు ఉంటే ఎక్కువ లాభం అనుకోవడమే అందరూ చేసే పొరపాటు. ఒడ్డుకొచ్చాక కూడా ఒంటి లోపలి వేడి కాసేపు పడిపోతూనే ఉంటుంది, కాబట్టి వణుకు మొదలవకముందే బయటికి రావాలి. గుండెజబ్బు, హైబీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దిగకూడదు. ఒంటరిగా ఎవరూ దిగకూడదు.