ఆ ఎఫ్‌డీ తీయకండి, ఆ నోటు రాయకండి

ప్రశ్న: మాది తెనాలి. మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నాను. షాపు ఖర్చులు పోను ఏడాదికి 4 లక్షల 80 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు నెలకు 28 వేలు. మా అమ్మాయికి ధన్‌బాద్ ఐఐటీలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ఫీజు ఏడాదికి 2 లక్షలు, హాస్టలు, మెస్సు, రానుపోను ఖర్చులు ఇంకో లక్ష అంటున్నారు. ఉన్న 3 లక్షల ఎఫ్‌డీ తీసేసి, మిగతా 9 లక్షలు తెలిసినాయన దగ్గర ఇంటి కాగితాలు పెట్టి రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. పెళ్లి కావలసిన పిల్ల, ఆమె పేరు మీద బ్యాంకు అప్పు ఎందుకని. డిగ్రీ చేతికి రావాలంటే ఏమేం పూర్తి చెయ్యాలి? నాలుగేళ్లలో అయిపోతుందా?

జవాబు: ముందుగా మీ అమ్మాయికి అభినందనలు. సీట్లు వచ్చే రోజుల్లో ఇలాంటి తండ్రులు నా దగ్గరకు చాలామంది వస్తారు. అందరూ చేసే పొరపాటు ఒకటే. చేతిలో ఉన్న కాస్త డబ్బూ మొదటి సెమిస్టరుకే ఊడ్చిపెట్టి, ఆ తర్వాత వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతారు. మీరు ఇంకా ఎక్కలేదు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

9 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 18 వేలు. ఇంటి ఖర్చు పోను మీకు మిగిలేది 12 వేలు. మొదటి నెలలోనే 6 వేలు లోటు. నాలుగేళ్లు ఎలాగో కట్టుకొచ్చారనుకున్నా 8 లక్షల 64 వేలు వడ్డీకే పోతుంది, అసలు 9 లక్షలు అలాగే కూర్చుని ఉంటుంది, ఇంటి కాగితాలు ఆయన బీరువాలోనే ఉంటాయి. తెలిసినాయన అయినంత మాత్రాన నూటికి ఏడాదికి 24 రూపాయలు తగ్గదండీ. పిల్ల పేరు మీద అప్పు ఉండకూడదని మీరున్న ఇంటినే పణంగా పెడుతున్నారు. ఇది ఆమెకు మేలు ఎలా అవుతుంది?

ఇక డిగ్రీ సంగతి. మీ డబ్బు లెక్క అంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇంటర్లో 75 శాతం, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు, ఈ రెండూ మీ అమ్మాయి దాటేసింది. మిగిలింది ఎనిమిది సెమిస్టర్లు: థియరీ, ల్యాబులు, ఇంటర్న్‌షిప్, చివర్లో ప్రాజెక్టు. పాసైన ప్రతి సబ్జెక్టుకూ, ల్యాబుకూ కొన్ని పాయింట్లు జమవుతాయి, వాటినే క్రెడిట్లు అంటారు. ఎన్ని క్రెడిట్లు రావాలో కాలేజీ నిర్ణయిస్తుంది. ఒక అందాజాకు, సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2018 నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్‌కు 160 క్రెడిట్లు. అయితే ఇవి దుకాణంలో సరుకుల్లా ఏది ముందైనా తెచ్చుకునేవి కావు. లెక్కలు వస్తేనే నీళ్లూ గాలీ ఎలా పారతాయో చెప్పే ఫ్లూయిడ్ మెకానిక్స్ బుర్రకెక్కుతుంది, అది వస్తేనే నీటి శుద్ధి ప్లాంటు డిజైను. ఒకటి తప్పితే వెనకున్నవి ఆగిపోవచ్చు, మళ్లీ ఆ సబ్జెక్టు చెప్పేది చాలాచోట్ల మరుసటి ఏడాదే.

ల్యాబు ఇంకా కఠినం. మురుగునీటిలో బీఓడీ పరీక్ష ఉంటుంది, అంటే నీటిలోని మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చూడటం. నమూనాను సీసాలో నింపి మూత బిగించి, మన ప్రమాణాల ప్రకారం 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. మొదటి రోజు ఎంత ఆక్సిజన్ ఉంది, మూడో రోజుకు ఎంత మిగిలింది అని చూడాలి. పరీక్ష ముందు రాత్రి మేలుకుని చదివితే వచ్చే మార్కులు కావివి. పిల్ల అక్కడ ఉండాలి, ఆరోగ్యంగా ఉండాలి.

నా దగ్గరకొచ్చే ఒక కుటుంబంలో అబ్బాయికి మూడో సెమిస్టరులో పచ్చకామెర్లు వచ్చాయి. కాలేజీ పేరు అనవసరం. హాజరు తగ్గింది, సెమిస్టరు మళ్లీ చదవాల్సి వచ్చింది. చదువులో వెనకబడిన పిల్లాడు కాదు. కానీ ఇంట్లో అత్యవసర నిధి లేదు. ఆ సెమిస్టరు ఫీజుకు వాళ్లమ్మ నాన్‌తాడు తాకట్టు పెట్టింది. ఆవిడ పసుపుతాడుతో నా ఎదురుగా కూర్చుని లెక్కలు రాయించుకున్నారు. అందుకే ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను: నాలుగేళ్ల డిగ్రీకి ఐదో ఏడాది డబ్బు కూడా పక్కన ఉండాలి.

మీ అమ్మాయికి జ్వరం ఎక్కువైతే మీరు విజయవాడ వెళ్లి బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. వెళ్లి రావడానికి నాలుగైదు రోజులు షాపు మూతే. ఆ రోజుల ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది?

అదృష్టవశాత్తూ మీకు అవసరమైంది మీరనుకున్నంత లేదు. ఐఐటీల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష నుంచి 5 లక్షల లోపైతే ట్యూషన్ ఫీజులో మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే మొత్తం మాఫీ. మీ 4 లక్షల 80 వేలకు ఆదాయ ధ్రువపత్రం ఉంటే 2 లక్షల ట్యూషన్ సుమారు 67 వేలవుతుంది. నాలుగేళ్లకు 2 లక్షల 70 వేల లోపే. మిగతా చిన్న ఫీజులు, హాస్టలు మాత్రం కట్టుకోవాలి.

ఆ ట్యూషన్‌కూ, ల్యాప్‌టాప్‌కూ బ్యాంకులో 4 లక్షల విద్యారుణం తీసుకోండి. అంతవరకు మార్జిన్, అంటే మీ చేతి నుంచి పెట్టాల్సిన వాటా, లేదు, ఇంటి కాగితాలు అడగకూడదు. ఏ సెమిస్టరు డబ్బు ఆ సెమిస్టరుకే విడుదలవుతుంది, ఇచ్చినంతకే వడ్డీ. ఆ వడ్డీ మీ తెలిసినాయన వడ్డీలో సగం కూడా ఉండదు. చదువయ్యాక ఏడాది దాకా వాయిదా మొదలవదు. పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేస్తూ వడ్డీ రాయితీకి అర్హత ఉందేమో అడగండి. పెళ్లి సంబంధాల భయం వదిలేయండి, ఉద్యోగం చేసే పిల్ల తన చదువు అప్పు తానే తీర్చుకుంటుంది.

మీ 12 వేలలో 8 వేలు హాస్టలుకు, 3 వేలు అత్యవసర నిధికి. ఆరు నెలల ఇంటి ఖర్చు 1 లక్షా 68 వేలు, పిల్ల ఐదో ఏడాది ఖర్చు 1 లక్షా 67 వేలు, మొత్తం 3 లక్షల 35 వేలు కావాలి. ఎఫ్‌డీలో 3 లక్షలున్నాయి. నెలకు 3 వేలు వేస్తే ఏడాదిలో నిండుతుంది. ఎఫ్‌డీని మూడుగా విడగొట్టి వెయ్యండి, అవసరానికి ఒకటి తీసినా మిగతావి కదలవు. ఫీజుకు తక్కువైందనో, చీటీ కట్టాలనో దాని జోలికి వెళ్లొద్దు.

మీకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే మిగిలిన వెయ్యి దానికి పెట్టండి. దగ్గర్లో సివిల్ బీటెక్ చదివి తర్వాత ఎన్విరాన్‌మెంటల్‌లో ఎంటెక్ చేసే దారీ ఉంది, కానీ వచ్చిన ఐఐటీ సీటు వదులుకోమని నేను చెప్పను.

రేపు సచివాలయానికి వెళ్లి ఆదాయ ధ్రువపత్రానికి అర్జీ పెట్టండి. అక్కడి నుంచే ఆ తెలిసినాయనకు ఫోన్ చేసి, డబ్బు అవసరం లేదని చెప్పండి.