పుంజు ఒక్కటే మిగిలిందని బెంగపడుతున్న అమ్మాయికి

చిన్నీ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. నాలుగు పెట్టల్నీ ఒక్క రాత్రిలో కుక్కలు పొట్టన పెట్టుకున్నాయంటే నాకూ కడుపు తరుక్కుపోయింది. మీ అత్తగారు ఆదివారానికి పుంజుని కోసేయమన్నారట. పెద్దావిడ, ఎదురు చెప్పకు, కానీ కోయనివ్వకు. అది కోలుకుంటుంది.

ముందు దాన్ని ఒళ్లో పెట్టుకుని రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విడదీసి చూడు. కుక్క పంటి గాటు పైకి కనిపించదు, లోపల చీము పడుతుంది. ఏ మాత్రం గాయం ఉన్నా హెబ్బాళ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లు. యలహంక నుంచి ఎంతో దూరం కాదు కదా.

తిండి మానేసిందన్నావు. రేపు పొద్దున నాలుగు నూకలు చల్లి, పక్కన నిలబడి చూడు. ఒక గింజ ముక్కుతో ఎత్తి, కింద పడేసి, కుక్ కుక్ అని పిలుస్తుంది. మళ్లీ ఎత్తుతుంది, మళ్లీ పడేస్తుంది. పెట్టల్ని మేతకి పిలవడం అది. ఎవరూ రాకపోతే మెడ చాచి అటూ ఇటూ చూసి, గింజ అక్కడే వదిలేసి పోతుంది. మందకి మేత చూపించడం, గద్ద కనిపిస్తే అరవడం పుంజు పని. ఆ పని ఇప్పుడు లేదు.

అందుకని ఈ నెల రోజులూ నువ్వే దాని మంద. పగలు వంటింటి గుమ్మం ముందు, మీ అలికిడి వినపడేచోట వదులు. పొద్దునా సాయంత్రం కాసేపు దగ్గర కూర్చో. అది పిలిస్తే లేచి దగ్గరికి వెళ్లు. రాగి సంగటి చిన్న ముద్దలు చేసి అరచేతిలో పెట్టు. లేయర్ దాణా మాత్రం వద్దు. గుడ్డు పెంకు కోసం అందులో సున్నం ఎక్కువ వేస్తారు, పుంజు మూత్రపిండాలకి అది చెరుపు. అద్దం పెట్టమని ఎవరైనా చెప్తారు, నాకు నచ్చదు. ఇంకో పుంజు అనుకుని ముక్కు పగిలేలా కొట్టుకుంటుంది.

గూటికి వెల్డ్ మెష్ వేయించాకే కొత్త పెట్టల మాట. సన్న చికెన్ మెష్‌ని కుక్కలు చీల్చేస్తాయి.

ఒక్క పెట్టని తేవద్దు. నేనోసారి తొందరపడి సంతలో ఒకటే కొనుక్కొచ్చాను. పుంజు రోజంతా దాని మీదే ఎక్కి, నెల తిరక్కుండా వీపు మీద ఈకలన్నీ ఊడిపోయాయి. అంతకన్నా పెద్ద తప్పు, తెచ్చిన రోజే కలిపేశాను. దానితో కొక్కెర తెగులు వచ్చింది, రెండూ పోయాయి. ఆ పుంజు మెడ తిరిగిపోయి పడి ఉండటం ఇప్పటికీ కళ్లకి కడుతుంది.

కనీసం మూడు నాలుగు తీసుకో, ఐదారు నెలల వయసువి. కొక్కెర తెగులు టీకా వేశారో లేదో అడుగు. హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ కోళ్ల సంస్థ ఉంది, అక్కడ విచారించు. గిరిరాజ దొరికితే మంచిదే, ఆ రకం ఈ బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే పుట్టింది. తెచ్చాక నాలుగు వారాలు పెరడు ఆ చివర వేరుగా ఉంచు. నీళ్ల గిన్నెలు వేరు, చెప్పులు వేరు. ముందు పుంజుకి మేత వేసి, తర్వాతే వాటి దగ్గరికి వెళ్లు.

తర్వాత ఒక వారం మధ్యలో జాలీ ఉంచి ఒకదాన్నొకటి చూసుకోనివ్వు. ఆపైన చీకటి పడ్డాక పెట్టల్ని పుంజు పక్కన కర్ర మీద కూర్చోబెట్టు. చీకట్లో కోళ్లకి కళ్లు ఆనవు, కదలకుండా పడుకుంటాయి. తెల్లారేసరికి నువ్వు అక్కడ ఉండాలి. రెండు మూడు రోజులు పొడుచుకుంటాయి, టెన్షన్ పడకు. రక్తం కనిపిస్తే మాత్రం ఆ కోడిని వెంటనే గంప కింద మూసెయ్యి, ఎర్రగా కనిపించినచోటే మిగతావన్నీ పొడుస్తాయి.

ఆ రోజు నూకలు చల్లాక పుంజు గింజ ఎత్తి పిలిస్తే, మొదట ఏ పెట్ట పరిగెత్తుకొచ్చిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ