లెఫ్రాయ్ హౌస్ కెప్టెన్‌కి తాతయ్య ఉత్తరం

చిరంజీవి చిన్నాకు ఆశీస్సులు.

సిమ్లా బిషప్ కాటన్ స్కూల్లో నిన్ను లెఫ్రాయ్ హౌస్‌కి కెప్టెన్‌ని చేశారని మీ అమ్మ ఫోన్ చేసింది. నేను పెరిగిన హౌస్ కదా, నా సంతోషం ఇంతా అంతా కాదు.

సెలవులయ్యాక కొత్త పిల్లలు వస్తారు. మొదటిరోజే గెలిచిన కప్పుల లెక్క మొదలుపెట్టకు, హౌస్‌కి ఆ పేరు ఎవరిదో చెప్పు. మిగతా హౌస్‌ల పేర్లలో ఇబ్బెట్‌సన్, రివాజ్ పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్లు, కర్జన్ వైస్రాయ్. పాలకుల పేర్ల మధ్య మనదొక్కటే బిషప్ పేరు. లెఫ్రాయ్ 1879లో ఢిల్లీకి వచ్చి, ఉర్దూ బాగా నేర్చుకుని, బజార్లో మౌల్వీలతో వాళ్ల భాషలోనే వాదించేవాడు. 1899లో లాహోర్ బిషప్ అయ్యాడు. ఆయన మతంతో నీకు పేచీ ఉన్నా సరే, ఎదుటివాడి భాష పట్టుకోవడానికి పడిన ఆ శ్రమ నేర్చుకోదగ్గది. పది రాష్ట్రాల పిల్లలు ఒకే డార్మిటరీలో పడుకునే చోట అది రోజూ అక్కరకొస్తుంది. కర్జన్ 1905లో బెంగాల్‌ని చీల్చాడన్నదీ దాచకు. కానీ ఆ మాట పట్టుకుని ఆ హౌస్ పిల్లల్ని ఎవరైనా ఏడిపిస్తే ఊరుకోకు.

అసలు సంగతి ఇది. 1859లో స్కూలుని స్థాపించిన బిషప్ కాటన్ అంతకుముందు ఇంగ్లండ్‌లో రగ్బీ స్కూల్లో థామస్ ఆర్నల్డ్ దగ్గర టీచరు. పై తరగతి కుర్రాళ్లకు అధికారమిచ్చి, చిన్నవాళ్ల మంచిచెడ్డలు వాళ్లకే అప్పగించడం ఆర్నల్డ్ పద్ధతి. నీ బ్యాడ్జీ మూలం అక్కడుంది. ఆ అధికారం చేతికొస్తే జూనియర్‌తో బూట్లు పాలిష్ చేయించుకోవాలనిపించడం ఏ హాస్టల్లోనైనా ఉన్నదే. అడిగితే "మమ్మల్నీ మా సీనియర్లు ఇలాగే చేశారు" అంటారు. మన స్కూలు మోటో సరిగ్గా ఆ మాటకే జవాబు. తెలుగు బైబిల్లో రోమా పత్రిక 12వ అధ్యాయంలో చూడు: "కీడువలన జయింపబడక, మేలుచేత కీడును జయించుము." నీకు జరిగిన అన్యాయం నీ దగ్గరే ఆగిపోవాలి, కిందివాడికి అందకూడదు. నాకు తెలిసి హౌస్ పరువంటే ఇదే. దీని ముందు క్రికెట్ కప్పు ఎంత!

అందుకని పిల్లలు రాకముందే తోటి ప్రిఫెక్టుల్ని కూర్చోబెట్టి ఒక మాట అనుకోండి: జూనియర్‌తో సొంత పని చేయించుకోకూడదు, రాత్రి లైట్లు ఆర్పాక ఎవర్నీ నిద్రలేపకూడదు. ఇంటిమీద బెంగతో తిండి మానేసినవాణ్ని మెస్‌లో నీ పక్కన కూర్చోబెట్టుకో, ఊరి కబుర్లు అడుగు. రెండు మూడు రోజుల్లో తేరుకోకపోతే దాచిపెట్టక హౌస్‌మాస్టర్‌కి చెప్పు. అది చాడీ చెప్పడం కాదు, నీ డ్యూటీ.

చలి జాగ్రత్త. తీరిక దొరికితే ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య