గ్రీన్‌లాండ్ ‘ఇల్లు’ మన ఇల్లేనా?

సందేహం: గ్రీన్‌లాండ్ భాషలో కూడా ఇంటిని ‘ఇల్లు’ అనే అంటారట, నిజమేనా? అయితే ఆ మాట ఇక్కణ్నుంచి వెళ్లిందా, అక్కణ్నుంచి వచ్చిందా? ‘ఇగ్లూ’కూ దీనికీ సంబంధం ఉందా?

సమాధానం: అనడం నిజమే. రాకపోకలు మాత్రం లేవు. కాకతాళీయంగా కలిసిన మాటలివి.

రెండు మాటలు చుట్టాలైతే వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరపడాలి. ఇక్కడ ఎడం పెరుగుతోంది. మన మాటకు మూలం ‘ఇల్’. ఇల్లాలు, ఇలవేల్పు అన్నప్పుడల్లా దాన్నే పలుకుతున్నాం. తమిళంలోనూ ‘ఇల్’ ఉంది. గ్రీన్‌లాండ్ వారి మాటకు పాత రూపం ‘ఇగ్లు’. అలాస్కాలోని ఇనుపియాక్ భాషలోనూ, కెనడాలో ఇనుక్టిటుట్ మాట్లాడే చాలా చోట్లా ఇప్పటికీ ‘ఇగ్లు’ అనే అంటారు. గ్రీన్‌లాండ్ వారి నోట గకారం పక్కనున్న లకారంలో కలిసిపోయి ద్విత్వమైంది. సంస్కృత ‘ముక్తా’ ప్రాకృతంలో ‘ముత్తా’ అయింది చూడండి, అలాగే.

పైగా తెలుగులో రాసుకుంటే ఒకటిగా కనిపిస్తాయి గానీ చెవికి ఒకటి కావు. నాలుకను ‘ల’ పలికే చోటే ఆనించి, గొంతు మోగనీయకుండా పక్కల నుంచి గాలి వదలండి. వారి ‘ల్ల’ అదీ! మన లిపిలో దానికి అక్షరం లేదు. హ్రస్వదీర్ఘాల తేడా పక్కనపెడితే ఆ భాషకు అచ్చులు మూడే: అ, ఇ, ఉ. అంత కొద్ది సరుకుతో మాటలు కట్టుకునే భాషలో ఇలాంటి పోలిక ఒకటో రెండో తగలడం వింతేమీ కాదు.

ఇక ‘ఇగ్లూ’ అంటారా, అదీ ఇదే మాట. మన బడి పుస్తకాల్లో అది మంచు ఇల్లు. వారికి మాత్రం చెక్కదైనా రాతిదైనా ఏ ఇల్లయినా ఇగ్లువే. గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌లో ఎర్రరంగు పూసిన చెక్క ఇల్లూ ‘ఇల్లే’. మంచు దిమ్మెలతో కట్టినదాన్ని ఇనుక్టిటుట్‌లో విడిగా ‘ఇగ్లువియక్’ అంటారు. ఇంగ్లీషు వారు అర్థాన్ని కుదించి వాడారు, మనకు ఆ కుదించిన అర్థమే అందింది. తెలుగులో రూఢి అయిపోయింది కాబట్టి మంచు ఇంటిని ఇగ్లూ అంటే తప్పుపట్టను. ‘ఇగ్లూ ఇల్లు’ అనడం మాత్రం నడిసెంటరు బాపతు.