సైటేషన్ల లెక్క తర్వాత చూద్దాం, ముందు అమ్మాయి లెక్కలు ఎలా ఉన్నాయో చూడండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ రెండో ఏడాది. వాతావరణ శాస్త్రంలో పరిశోధన చేస్తానంటోంది. గూగుల్ స్కాలర్‌లో ఒక శాస్త్రవేత్త పేజీ చూశాం. వేలల్లో సైటేషన్లు (ఇతరులు తమ పేపర్లలో ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్ 40 పైనే. మా అమ్మాయి అక్కడికి ఎప్పటికి చేరుతుంది? డబ్బు కడితే ఇప్పుడే రెండు పేపర్లు వేయిస్తామని ఒక సంస్థ అంటోంది. కట్టమంటారా, లేక ఏఐ వైపు మళ్లించమంటారా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఆ సంస్థకు ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఇలా డబ్బు తీసుకుని మూడు రోజుల్లో అంగీకార పత్రం ఇచ్చే జర్నల్‌లో నిపుణుల సమీక్ష జరగదు. సరైన జర్నల్‌లో సమీక్షకే నెలలు పడుతుంది. రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ‘ఈ పటం ఏ డేటాతో గీశావమ్మా?’ అని అడిగితే, పేరు మాత్రమే తనదైన పిల్ల నోరు తెరవలేదు. అది మీరు కొనిపెట్టిన అవమానం అవుతుంది.

ఇక మీరు చూసిన ఆ హెచ్-ఇండెక్స్ అంకె సంగతి. పది పేపర్లకు వరుసగా 120, 40, 18, 9, 6, 5, 3, 2, 1, 0 సైటేషన్లు ఉంటే మొత్తం 204, హెచ్-ఇండెక్స్ 5 మాత్రమే. కనీసం ఐదేసి ఉన్న పేపర్లు ఐదు దొరుకుతాయి, కనీసం ఆరేసి ఉన్నవి ఆరు దొరకవు కాబట్టి. అందులో 120 వచ్చిన పేపర్‌కు రచయితలు ముప్పై మంది ఉండొచ్చు, ఆ శాస్త్రవేత్త పేరు ఇరవయ్యోది కావొచ్చు. ఎంపిక కమిటీలో విషయం తెలిసినవాళ్లు మొదటి రచయితగా ఏం రాశారో వెతుకుతారు. ఒకే మనిషికి గూగుల్ స్కాలర్ చూపే అంకె సాధారణంగా ఎంపిక చేసిన జర్నళ్లనే లెక్కించే స్కోపస్ చూపేదానికన్నా ఎక్కువ, ఎందుకంటే థీసిస్‌లు, ప్రీప్రింట్లు (సమీక్షకు ముందే బయటపెట్టే పేపర్లు) కూడా గూగుల్ లెక్కలో కలుస్తాయి.

శాఖను బట్టి కూడా తేడా వస్తుంది. ఈఆర్‌ఏ5 (గడిచిన దశాబ్దాల ప్రపంచ వాతావరణాన్ని గంటగంటకూ లెక్కగట్టిన డేటా) లాంటి డేటాసెట్‌ను వివరించిన పేపర్‌ను ఆ డేటా వాడిన ప్రతివాళ్లూ ఉదహరిస్తారు. హిందూ మహాసముద్ర డైపోల్‌పై (ఆ సముద్రం తూర్పు, పడమర వైపుల ఉష్ణోగ్రతల తేడాపై) 1999లో సాజీ, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా రాసిన పేపర్‌కు వేలల్లో వచ్చాయి. తిరుపతి దగ్గరి గాదంకిలో పై గాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్‌తో పై వాతావరణం మీద పనిచేసేవారి లోకం చిన్నది, అంకెలూ చిన్నవే. భారత వాతావరణ శాఖలో (ఐఎండీ) రాత్రంతా కూర్చుని తుపాను హెచ్చరిక రాసినవారికి దానికి ఒక్క సైటేషనూ రాదు.

అసలు మీ భయం సైటేషన్ల గురించి కాదు, పిల్ల ఎప్పుడు స్థిరపడుతుందని. 23కి ఎమ్మెస్సీ, 28–29కి పీహెచ్‌డీ, తర్వాత రెండు మూడేళ్లు పోస్ట్‌డాక్, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. శాశ్వత ఉద్యోగం 31–32కి, ఇంకాస్త ఆలస్యమూ కావొచ్చు. ఈలోగా ఖాళీ చేతులేం ఉండవు. పీహెచ్‌డీ చేసేవారికిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000, పైన ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీ వద్దనుకుంటే ఎమ్మెస్సీతోనే పవన, సౌర విద్యుత్ అంచనాలు వేసే కంపెనీలు, పంటల బీమా సంస్థలు ఉన్నాయి. సంబంధాలు వస్తున్నాయని నాలుగో ఏడాదిలో థీసిస్ ఆపించే తల్లిదండ్రులే ఈ దారిలో పెద్ద ప్రమాదం. ఆ పని చేయనని ఇప్పుడే మాటివ్వండి.

ఏఐ గురించి నా అనుమానం దాచను. గ్రాఫ్‌కాస్ట్ లాంటి ఏఐ వాతావరణ మోడళ్లు నిజంగా గొప్పవే. కానీ అవి నేర్చుకున్నది ఈఆర్‌ఏ5 నుంచే, అవి పటాన్ని విడగొట్టే ఒక్కో గడి పావు డిగ్రీ, అంటే దాదాపు 28 కిలోమీటర్లు. గచ్చిబౌలిలో కుండపోత, ఉప్పల్‌లో ఎండ అన్న సంగతి ఆ గడిలో కలిసిపోతుంది. పీడన పటం చూసి గాలి ఎటు వీస్తుందో చెప్పలేని వాళ్లకు మోడల్ తప్పు చెప్పినా తెలియదు. ఆరు నెలల ‘క్లైమేట్ డేటా సైన్స్’ సర్టిఫికెట్లు సరిగ్గా ఇలాంటివాళ్లనే తయారుచేస్తున్నాయి. ఫిజిక్స్ వచ్చినవాళ్లు పైథాన్ నేర్చుకోవడం తేలిక, తిరగేసి చేయడమే కష్టం. కాబట్టి మళ్లించాల్సిన పనిలేదు, ఏఐ ఆ దారిలోనే ఎదురొస్తుంది.

చదువు కోసం దూరం పంపాల్సిన పనీ లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భూ, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉంది. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ప్రగతినగర్‌లో, ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లో, అంటే మీ ఇంటికి కూతవేటు దూరంలో. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఎలాగూ ఉంది. ప్రవేశ పరీక్షల వివరాలు అమ్మాయికి మీకన్నా బాగా తెలిసి ఉంటాయి, వదిలేస్తున్నాను.

ఈ వేసవిలో తనను ఒక పని చేయమనండి. ఐఎండీ పావు డిగ్రీ వర్షపాత డేటా 1901 నుంచి ఉచితంగా దొరుకుతుంది. తెలంగాణ వరకు కత్తిరించి, ముప్పై ఏళ్ల జూన్–సెప్టెంబర్ సగటు తీయాలి. డేటా లేని గడుల్లో -999 ఉంటుంది. దాన్ని తీసేయకుండా సగటు తీస్తే వాన మైనస్‌లోకి పోతుంది. తర్వాత రోజువారీ వానను ఈఆర్‌ఏ5తో పోల్చాలి. ఐఎండీ రోజు ఉదయం 8:30తో ముగుస్తుంది, అంటే అంతర్జాతీయ సమయం (యూటీసీ) 3 గంటలు. ఈఆర్‌ఏ5 గంటలను ఆ ప్రకారం కూడకపోతే రెండు గ్రాఫ్‌లూ ఒక రోజు పక్కకు జరిగినట్టు కనబడతాయి. ఎందుకు జరిగిందో తనే పట్టుకుంటే ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టించండి. రెండు నెలల్లో విసుగొచ్చి మానేస్తే ఫీజు కట్టకముందే తెలిసినట్టు. తిట్టకండి.