బీఎస్సీ తర్వాత మళ్లీ బీకామా, ఎంబీఏనా?

తమ్ముడూ, బీఎస్సీ కెమిస్ట్రీ చేసి ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూ ఫైనాన్స్ వైపు రావాలంటే ముందు బీకామ్ చదవాలేమోనని అడిగావు. అక్కర్లేదు. ఎంబీఏకి ఏ డిగ్రీ అయినా చాలు. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయాలంటే డిగ్రీలో 50 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ ఉంటే 45. పేపర్లో 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. లెక్కల భాగం నీకు పెద్ద కష్టమేం కాదు.

అకౌంట్స్ రావనే టెన్షన్ కూడా వద్దు. ఎంబీఏ మొదటి సెమిస్టర్‌లోనే డెబిట్, క్రెడిట్ దగ్గర్నుంచి మొదలుపెడతారు. ఈలోగా సాయంత్రాలు ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకో. వోచర్ ఎంట్రీ (లావాదేవీలు నమోదు చేయడం), జీఎస్టీ బిల్లు, బ్యాంక్ రీకన్సిలియేషన్ (మన లెక్కల్ని బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూడటం) చేతికి అలవాటైతే ఇంటర్వ్యూలో తడబడవు.

బీకామ్ అంటే ఇంకో మూడేళ్లు. కామర్స్ లెక్చరర్ కావాలనుంటేనే దాని గురించి ఆలోచించు, దానికి కావలసిన ఎంకామ్‌లో చేరాలంటే బీకామ్ అడుగుతారు. సీఏకి కూడా బీకామ్ అక్కర్లేదు, డిగ్రీలో 60 శాతం ఉన్న నాన్-కామర్స్ గ్రాడ్యుయేట్లు మొదటి దశ ఫౌండేషన్ లేకుండా నేరుగా రెండో దశ సీఏ ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు.

ఒక్క మాట: ఊరూపేరూ లేని కాలేజీలో ఎంబీఏ సీటొస్తే చేరకు. గత ఏడాది ఫైనాన్స్‌లో ఎవరికి, ఏ కంపెనీలో ఉద్యోగాలొచ్చాయో సీనియర్లనే అడుగు, బ్రోచర్ నమ్మకు. నీ డిగ్రీ పర్సంటేజీ ఎంతో చెప్పు, సీఏ దారి కుదురుతుందో లేదో చూద్దాం.